ఏడో గుట్ట మీద అన్న

నిప్పుతోడేళ్ల మంద తరుముకొస్తుంటే కువలయ ఎక్కిన గుర్రం కంటకారణ్యం కొసన ఒక్కసారిగా నాలుగు కాళ్లూ బిగబట్టి ఆగిపోయింది. ఆగకపోతే ఏమయ్యేదో ఆమె ముందుకు వంగి చూశాక గాని అర్థం కాలేదు. గుర్రం ముంగాళ్లకు జానెడు దూరంలో నేల అయిపోయింది. అక్కడినుంచి కిందికి లోయ.

తోడేళ్లు చెట్ల చాటునే నిలిచిపోయాయి. వాటి నోళ్లలోంచి రేగే మంటలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. లోయ గాలి తగలగానే అవి తోకలు ముడిచి వెనక్కి తిరిగాయి. నిప్పుకే భయం పుట్టించే చోటికి తాను తోసుకొచ్చిందని కువలయకు తెలిసింది. అయినా వెనక్కి వెళ్లడానికి ఆమెకు ఉన్నది అన్న లేని ఇల్లే.

పొద్దు పడమటికి వాలుతోంది. లోయ అవతలి గోడ పసుపూ కుంకుమా కలిపి అలికినట్టు మెరుస్తోంది. అడుగున తెల్లని మంచు, పొయ్యి మీద పాలు పొంగబోయే ముందు కదిలినట్టు కదులుతోంది. ఆ మంచులోంచి ఎనిమిది గుట్టలు ఒకదాని వెనక ఒకటి బారులు తీరి వీపులెత్తాయి. అన్నిటికన్నా ముందున్న గుట్ట, లోయ అంచున ఉన్న రాతి గుమ్మం దగ్గరే నిలువుగా లేచి జారుబండలా పక్కకు వాలిపోయింది. తక్కినవి నేలమీదనుంచి మెల్లగా లేచి, ఉబ్బి, మళ్లీ మెల్లగా పలచబడి దిగంతంలో కలిసిపోయాయి. వాటిలో వెనకది ముందుదానికన్నా పెద్దది. అన్నిటికన్నా వెనక ఉన్న గుట్ట నడినెత్తిన ఒక నల్లరాతి స్తంభం, స్తంభానికి ఇనుప గొలుసులు, గొలుసుల్లో ఒక మనిషి.

"అన్నా!" అని అరవబోయి కువలయ నోరు నొక్కుకుంది. ఆమె ఇప్పుడు కువలయ కాదు. మేకవెంట్రుకల గడ్డం, కావిరంగు శాలువా, చంకలో తాటాకుల కట్ట. ఈ లోయకు పండితులనే రానిస్తారని అడవి అంచున ఒక గొర్రెల కాపరి చెప్పాడు.

మరాళదేశపు రాకుమారుడు శరత్కేతుణ్ణి ధూమకర్ణుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయి ఆరు నెలలైంది. వెతకడానికి వెళ్లిన సైన్యం తిరిగి రాలేదు. అప్పుడు రాణి తేనెకొండ నుంచి అన్నాచెల్లెళ్లను పిలిపించింది. అన్న గిరియన్న నిలువు కొండల మీద తేనె తీసేవాడు, అక్షరం ముక్క రాదు. చెల్లెలు కువలయ దొరికిన ఆకునల్లా చదివి లెక్కల శాస్త్రం తనంతట తానే నేర్చుకున్నది. మూడు రోజుల కింద గిరియన్న ముందు దారి చూసొస్తానని బయల్దేరాడు. "వెళ్లొస్తానే" అంటే ఆమె చదువుతున్న తాటాకు మీదనుంచి తల ఎత్తలేదు. మూడు రోజులుగా ఆ ఒక్క మాట ఆమె చెవిలో ముల్లులా గుచ్చుతూనే ఉంది.

"ఎవరయ్యా అది, నా వాకిట్లో గుర్రం కట్టేది?"

గొంతు కొండ లోపలినుంచి వచ్చినట్టుంది. గుమ్మం పక్కన బండరాయి అనుకున్నది కదిలింది. అది బండ కాదు, రక్కసి. చేటలంత చెవులు, రోకలంత ముక్కు. ఒళ్లో పనసకాయ పెట్టుకుని తొక్కతో సహా నములుతోంది.

"కుశాగ్రభట్టును. మరాళదేశపు ఆస్థాన గణకుణ్ణి," అంది కువలయ గొంతు బొంగురు చేసి.

"దయచెయ్యండి భట్టుగారూ! నన్ను కరాళి అంటారు. ఈ వాకిలి కాపలా నాదే. మొన్న ఒక శాస్త్రిగారు వచ్చారు. అంతకుముందు ఒక ఆచార్యులవారు. మహా పండితులు." పనస పిక్కను లోయలోకి ఉమ్మింది. "అడుగునే ఉన్నారు ఇద్దరూ."

కువలయ చెయ్యి శాలువా కింది బాకు మీదికి పోయింది. తీసింది గాని, బాకు మొన మైనంలా వంగి వేలాడింది.

"లోపల పెట్టెయ్. ఈ లోయలో కత్తికి పదునుండదు, ప్రశ్నకే ఉంటుంది. మా ధూమకర్ణయ్య వేసిన మంత్రపు కట్టు అది. వేసినవాడు కదా అని ఆయన్నీ వదల్దు."

అంతలో స్తంభం దగ్గర గొలుసులు గలగలలాడాయి. "ఒసే కువలయా! ఆ గడ్డమేంటే? ఏమన్నా తిన్నావా అసలు?" అని గిరియన్న కేక గుట్టలన్నీ దాటుకుని వచ్చింది.

కరాళి పొట్ట కదిలేలా నవ్వింది. "భట్టుగారి గడ్డం వంకరగా ఉందని నేను ముందే అనుకున్నా. అతను మీ అన్నేనా పిల్లా? అయితే తొందరపడు. ఆ పొద్దు కుంగిందంటే స్తంభం మంచులోకి దిగిపోతుంది. దిగింది మళ్లీ లేవదు."

"దారి ఎటు అవ్వా?"

"దారి ఉండదు. పుట్టించుకోవాలి." కరాళి గుమ్మపు రాతి మీద చెక్కిన గీతలు చూపించింది. "అవి సున్నా నుంచి ఏడు దాకా గుట్టలు. ఒక్కో గుట్టలో మట్టి ఎంతో చెప్పు. చెప్పిన మాట నిజమై, ఎందుకు నిజమో నీకు తెలిసుంటే, ఆ గుట్ట మీద రాతి పలక లేస్తుంది. దాని మీద కాలు పెట్టుకుని పోవచ్చు. చిలక పలుకులు పలికావో, పలకతో పాటు నువ్వూ పోతావు."

కువలయ రాతిని తడిమి చదివింది. గుట్టల నిర్మాణం అందులో ఉంది. గుమ్మం నుంచి ఎన్ని బారల దూరం నడిచామో ఆ అంకెను, గుట్ట వరస ఎంతో అన్నిసార్లు వేసుకుని హెచ్చవెయ్యాలి. మూడో గుట్టయితే దూరాన్ని మూడుసార్లు. అయితే దాని మీద ధూమకర్ణుడు క్షయమంత్రం చదివాడు. గుమ్మం దగ్గర నిండుగా ఒకటి ఉన్నది దూరం పోయేకొద్దీ తరుగుతుంది. ఎక్కడ చూసినా, అక్కడ మిగిలినదెంతో అంత వేగంతో తరుగుతుంది. ఆ హెచ్చింపును ఈ తరుగుతో గుణిస్తే వచ్చేదే ఆ చోట గుట్ట ఎత్తు.

"ఆచార్యులవారు కొలకర్ర పట్టుకుని మూడు నెలలు కొలిచారు," అంది కరాళి. "ఐదో గుట్ట దాకా పోయారు కూడా. కొలిచింది కొలిచినంత మేరకే కదమ్మా. నడుమ ఎక్కడో వెంట్రుక వాసి తేడా వచ్చింది. అంతే."

పొద్దు రెండు నిలువుల ఎత్తున ఉంది. కువలయ గబగబా తాటాకులు విప్పింది, మూసింది. కొలిచేందుకు ఆమెకు మూడు నెలలు లేవు, మూడు గడియలు కూడా లేవు. ఒక్కో గుట్టను విడిగా చూస్తే లాభం లేదు. ఒక గుట్టకు దాని ముందు గుట్టతో ఉన్న చుట్టరికం పట్టుకోవాలి.

"అవ్వా, మూడో గుట్ట వీపు మీద ఒక చీమ నడుస్తోందనుకో," అంది. "అడుగడుగునా రెండు చేతులు దాని మీద పనిచేస్తాయి. హెచ్చింపు చెయ్యి పైకి ఎత్తుతుంది. క్షయమంత్రం చెయ్యి కిందికి నొక్కుతుంది."

"ఎత్తేది ఎంత?"

"మూడుసార్లు వేసిన దూరాల్లో ఒక్కోటీ పిసరంత పెరుగుతుంది. ఒకటి పెరిగేటప్పుడు తక్కిన రెండూ అలాగే ఉంటాయి. అంటే ఆ పిసరుకు తోడు మిగిలేది రెండో గుట్ట ఎత్తు. అలాంటివి మూడు. కాబట్టి ఎత్తేది, ఆ చోట రెండో గుట్ట ఎత్తుకు మూడింతలు."

"నొక్కేదో?"

"ఉన్నదెంతో అంత వేగంతో తరగడమే కదా మంత్రం గుణం! నొక్కేది ఆ చోట మూడో గుట్ట ఎత్తే." కువలయకు ఊపు వచ్చింది. "చీమ నేల మీద బయల్దేరింది, చివరికి నేలకే చేరింది. అంటే ఎత్తినదంతా, నొక్కినదంతా సమానం. ఎత్తినవన్నీ పోగుచేస్తే రెండో గుట్ట మట్టికి మూడింతలు. నొక్కినవన్నీ పోగుచేస్తే మూడో గుట్ట మట్టి. అవి రెండూ ఒకటే!"

కరాళి నమలడం ఆపింది. "బాగుందే. కాని చివరికి నేలకే చేరుతుందని నీకెవరు చెప్పారు? హెచ్చింపు గెలిస్తే? చీమ ఆకాశంలో వేలాడదూ?"

 కువలయ తాటాకుల్లో ఈ మాట ఎక్కడా లేదు. కళ్లు మూసుకుని ఆ గుట్ట కొసదాకా మనసులో నడిచింది. "ఆరు బారలు దాటనీ అవ్వా. అక్కడినుంచి ఎత్తే చెయ్యి బలం నొక్కే చేతి బలంలో సగానికి కూడా రాదు. నికరాన చీమ ఉన్న ఎత్తులో కనీసం సగం వేగంతో దిగుతూనే ఉంటుంది. అలా దిగేది ఏ ఎత్తు దగ్గరా ఆగదు. నేల తప్ప దానికి దిక్కు లేదు. ఏడో గుట్టయితే పద్నాలుగు బారలు దాటాక. ఏ గుట్టకైనా సరే, ఈ నిరూపణ చెల్లుతుంది!"

మంచు చీల్చుకుని ఎనిమిది నల్లని పలకలు ఒక్కసారిగా లేచాయి. కువలయ ఇంకేమీ చూడలేదు. మొదటి పలక మీదికి దూకింది.

కాలి కింద పలక వెన్నలా జారింది. వెనక పలకలన్నీ దభీ దభీమని కూలాయి. ఆమె గాలిలో గిలగిల్లాడింది. కరాళి చాచిన చేతికి మేకవెంట్రుకల గడ్డం దొరికింది. గడ్డం ఊడి కరాళి చేతిలో ఉండిపోయింది. కువలయ లోయ గోడను రాసుకుంటూ జారి, ఒక వేరును పట్టుకుని వేలాడింది. తాటాకుల కట్ట చంకలోంచి జారి, రెక్కలు విప్పిన కొంగల్లా ఆకులు గిరగిరా తిరుగుతూ మంచులో మునిగిపోయాయి.

"కువలయా!" అని గిరియన్న గొలుసులు తెంపబోయాడు.

"ఏ గుట్టకైనా అన్నావుగా!" కరాళి గడ్డాన్ని ఊపుతూ పైనుంచి తొంగి చూసింది. "సున్నా గుట్ట సంగతేంటి? చీమ ఎక్కడ బయల్దేరింది?"

సున్నా గుట్ట! దూరాన్ని ఒక్కసారి కూడా వెయ్యని గుట్ట. ఉన్నది క్షయమంత్రం ఒక్కటే. అది గుమ్మం దగ్గరే బారెడు ఎత్తున ఉంది. తాను కళ్లారా చూసింది కూడా, నిలువుగా లేచిన గుట్టను. కొస ఎలా ఉంటుందో అంత జాగ్రత్తగా చూసి, మొదలు ఎలా ఉంటుందో చూడకుండా దూకింది.

"అక్కడ చీమ నేల మీద బయల్దేరదు!" వేరు పిట్టుపిట్టుమంటుంటే కువలయ అరిచింది. "బారెడు ఎత్తున బయల్దేరుతుంది. ఎత్తే చెయ్యే లేదు. నొక్కే చెయ్యి ఒక్కటే నేలదాకా దించింది. దిగినది మొత్తం ఒకటి. నొక్కినవన్నీ పోగేస్తే సున్నా గుట్ట మట్టి. కాబట్టి అది సరిగ్గా ఒకటి! తక్కిన గుట్టలకే నా నిరూపణ!"

వేరు తెగింది. పడిన ఆమె ఒంటి కింద గట్టిగా, చల్లగా రాయి తగిలింది. సున్నా గుట్ట పలక ఆమెను మోసుకుంటూ పైకి లేచింది.

ఆమె లేచి పరుగెత్తింది. "ఒకటో గుట్ట, ఒకటికి ఒకటింత, ఒకటి!" పలక లేచింది. "రెండో గుట్ట రెండు!" లేచింది. "దానికి మూడింతలు, ఆరు! దానికి నాలుగింతలు, ఇరవై నాలుగు! నూట ఇరవై! ఏడు వందల ఇరవై!" మాట ముందు, పలక వెనక, పాదం ఆ వెనక. గాలికి శాలువా ఎగిరిపోయింది, జుట్టు విడిపోయింది. "ఏడో గుట్ట, ఐదువేల నలభై!"

ఆ అంకె వినగానే స్తంభానికి ఉన్న తాళాలు టపటపా ఊడిపడ్డాయి. గిరియన్న గొలుసులు విదిలించుకుని చెల్లెలి తల నిమిరాడు. అతని మణికట్లు ఒరుసుకుపోయి పుళ్లు పడ్డాయి. కువలయ తన పంచె అంచు చింపి కట్టబోయింది.

"కట్లు తర్వాత. పద," అన్నాడతను. ఆమె నిలబడ్డ పలక మీద కాలు మోపాడు.

కాలు నీళ్లలోకి దిగినట్టు రాయిలోంచి దిగిపోయింది. కువలయ రెండు చేతులా అతని చెయ్యి పట్టి స్తంభం మీదికి లాగింది.

"ఎవరి పలక వాళ్లదే!" అవతలి గట్టునుంచి కరాళి కేకేసింది. "నీకు అర్థమైంది నిన్ను మోస్తుందమ్మా. అతన్ని ఎందుకు మోస్తుంది?"

పొద్దు ఒక నిలువు ఎత్తుకు దిగింది. కువలయ అన్న చెయ్యి వదలకుండానే మొదలుపెట్టింది. "అన్నా, జాగ్రత్తగా విను. చీమ ఉందనుకో..."

"చీమ ఎందుకుంది?"

"ఉందనుకోమంటున్నా! హెచ్చింపు వల్ల ఒక్కో దూరం పిసరంత పెరిగితే, తక్కిన ఆరూ..."

"ఏ ఆరు?"

"ఏడింట్లో ఒకటి పోతే ఆరు!"

"పోయిందెక్కడికి?" గిరియన్న తల గోక్కున్నాడు. "నువ్వు చెప్పినట్టల్లా నేను అనేస్తాలే. ఎత్తినదంతా నొక్కినదంతా సమానం." అని కాలు పెట్టాడు. ఆమె పలక పక్కన ఇంకో పలక లేచినట్టే లేచి బుడుంగున మునిగింది.

"చిలక!" అంది కరాళి, జాలిగా.

కువలయకు ఏడుపొచ్చింది. తాటాకులు పోయాయి. ఉన్నా ఇతనికి పనికిరావు. స్తంభం పాదాన్ని మంచు నాకుతోంది. చీమలూ వద్దు, దూరాలూ వద్దు, ఈ మనిషికి ఏం తెలుసు? కొండ తెలుసు. తాడు తెలుసు.

"అన్నా, నువ్వు తేనెకు ఎక్కినప్పుడు ఏం జరుగుతుంది?"

"ఏం జరుగుతుంది, ఎక్కుతాను. తీగనిచ్చెన పైకి తీసుకుపోతుంది, ఒంటి బరువు కిందికి లాగుతుంది. కాస్త ఎక్కుతాను, కాస్త జారుతాను. మళ్లీ ఎక్కుతాను. రోజంతా అదే."

"సాయంత్రానికి?"

"సాయంత్రానికి నేల మీద ఉంటాను, లేకపోతే నీకు గంజి ఎవడు కాస్తాడు? పొద్దున నేల మీదే ఉన్నాను, ఇప్పుడూ నేల మీదే ఉన్నాను. అంటే ఎక్కినదంతా దిగేశాను. ఒక్క అంగుళం కూడా పైన మిగలదు." చెబుతూ చెబుతూ అతని కళ్లు పెద్దవయ్యాయి. "ఆగు. ఆగవే. ఈ గుట్టను ఎక్కించే నిచ్చెన ముందు గుట్టా?"

"అవును! ఏడు చేతులతో."

"దించేది దాని సొంత బరువు?"

"అదే!"

"అయితే ఏడో గుట్ట బరువు, ఆరో గుట్టను ఏడుసార్లు మోసినంత ఉండి తీరాలి. లేకపోతే సాయంత్రానికి నేలకు రాదు. ఇంత మాటకు అన్ని ఆకులు చదివావా?" సున్నా గుట్టవైపు వేలు చూపించాడు. "అదిగో, దాన్ని ఎక్కించేవాడే లేడు. బారెడు ఎత్తున కూచోబెట్టి వదిలేశారు. జారడమే దాని పని. ఆ బారెడే దానికున్నదంతా."

కువలయ పలక పక్కనే మూరెడు ఎడంగా ఇంకో పలక లేచింది. గిరియన్న ఎక్కి గట్టిగా తొక్కి చూశాడు. గుర్రపు డెక్క కింద బండలా టక్కుమంది.

అవతల కరాళి రెండు చేతులూ చరిచింది. "పుట్టి బుద్ధెరిగాక ఇంత నున్నగా ఒక్క పండితుడూ చెప్పలేదు తల్లీ!"

ఇద్దరూ చేయి చేయి పట్టుకుని, ఎవరి పలకల వరస మీద వాళ్లు, ఏడు నుంచి ఆరుకు, ఆరు నుంచి ఐదుకు పరుగుతీశారు. వెనక స్తంభం ఒరుగుతూ మూలిగింది. నాలుగు దాటారు, మూడు దాటారు. గట్టు మీద కరాళి ముక్కు ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది. ఒకటో గుట్ట మీదికి చేరారు. ఇక సున్నా పలక ఒక్కటే మిగిలింది.

అప్పుడు పొద్దుకు అడ్డంగా పొగ లేచింది. పొగలో గద్ద, గద్ద మీద ఎముకల కుండలాలు ఊగే చెవులతో ధూమకర్ణుడు. అతని నీడ పలకల మీద పడితే రాయి మంచుగడ్డలా చల్లబడింది.

"నిలవండి!" అన్నాడు. "నా లోయలో నడిచేవాళ్లు నా ప్రశ్నకు బదులు చెప్పే కదలాలి. సున్నా గుట్టకూ ఒకటో గుట్టకూ సరిగ్గా నడుమ, అరగుట్ట ఒకటి ఉంది. దూరాన్ని పూర్తిగా ఒక్కసారి కూడా వెయ్యను, దాని వర్గమూలం మాత్రమే వేస్తాను. మంత్రం అదే. అందులో మట్టి ఎంత? ఇద్దరూ చెప్పాలి."

కువలయ మనసు బాణంలా దూసుకుపోయింది. సున్నా గుట్ట ఒకటి. ఒకటో గుట్ట ఒకటి. గట్టు నాలుగడుగుల దూరం, పొద్దు అంచు కొండను తాకుతోంది, అన్న చెయ్యి తన చేతిలో ఉంది. ఆలోచించే వ్యవధి ఎక్కడిది?

"ఒకటి!" అని అరిచింది. "ఇటు ఒకటి, అటు ఒకటి, నడుమా ఒకటే!"

ధూమకర్ణుడు పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. ఆమె పలక నిలువునా పగిలింది. మోకాళ్లదాకా మంచులో దిగిపోతూ కువలయ తన తప్పు చూసింది. తన నిరూపణ ఒక గుట్ట నుంచి దాని పై గుట్టకు ఎక్కిస్తుంది. అరగుట్ట నుంచి ఒకటిన్నర గుట్టకు ఎక్కించగలదు. కాని అరగుట్టకే ఎక్కించే గుట్ట తన దగ్గర లేదు. ఇటూ అటూ ఒకటుంటే నడుమ ఒకటే ఉండాలని ఎవరన్నారు? రెండు మేకుల నడుమ తాడు బిగుసుకునే ఉండాలా, కాస్త కిందికి వాలకూడదా?

"చెప్పరా తేనెవాడా!" గద్ద రెక్కలు కొట్టింది. "మీ చెల్లి చెప్పింది విన్నావుగా. నువ్వూ అదే చెబుతావా?"

గిరియన్న మునుగుతున్న చెల్లెలి చెయ్యి వదల్లేదు. పైకి చూసి అన్నాడు. "నాకు తెలియదయ్యా."

ధూమకర్ణుడి నవ్వు ఆగిపోయింది. గిరియన్న కాళ్ల ముందు, గట్టువైపు కాదు, ఎడమవైపు మంచులోకి, వెడల్పాటి తెల్లని పలక ఒకటి చప్పుడు లేకుండా లేచింది.

"అదెక్కడిదే కరాళీ?" అని మాంత్రికుడు గర్జించాడు.

"నన్నడుగుతారేం అయ్యగారూ, కట్టు మీరే వేశారుగా! చెప్పిన మాట నిజమవ్వాలి, ఎందుకు నిజమో చెప్పేవాడికి తెలియాలి. అతనికి తెలియదన్న సంగతి అతనికి తెలుసు." కరాళి ముక్కు చీదింది. "ఇన్నేళ్లలో వచ్చినవాళ్లంతా పండితులే. ఆ మాట ఒక్కడి నోటా రాలేదు, ఆ పలక ఒక్కనాడూ లేవలేదు."

గిరియన్న తెల్ల పలక మీదికి దూకి చెల్లెల్ని నడుము పట్టి పైకి లాగాడు. ఆమె పాదం తగలగానే పలక అంచు కిందికి ఒరిగింది.

"నువ్వూ చెప్పాలి కాబోలు. చెప్పెయ్!" అన్నాడు గిరియన్న.

"ఉండు. కాస్త ఆలోచిస్తే వస్తుంది. దాని వర్గాన్ని తీసుకుని..." పలక ఇంకో జానెడు ఒరిగింది. గిరియన్న కూడా జారాడు.

"చెప్పవే తల్లీ!"

కువలయ నోరు తెరిచింది.  ఐదేళ్లప్పటినుంచి ఊళ్లో ఎవరు ఏ లెక్క అడిగినా బదులు లేకుండా వదల్లేదామె. రాణి సభలో పదిమంది గణకుల నోళ్లు మూయించింది. ఆ నాలుక ఇప్పుడు అంగిలికి అతుక్కుపోయింది. వెనక నల్లస్తంభం పెళపెళమని విరిగి మంచులో కూలింది. ఆ అదురుకు పలకల వరసలు రెండూ, సున్నా పలకతో సహా, ఒకటొకటిగా మునిగిపోయాయి. గట్టు దూరమైపోయింది. అన్న వేళ్లు ఆమె వేళ్లలోంచి జారుతున్నాయి. పుళ్లు పడ్డ మణికట్టు, తడి వేళ్లు, ఇంకొక్క అంగుళం.

"నాకు తెలియదు!" అంది కువలయ. అంటూనే బావురుమంది.

పలక నేలంత గట్టిగా నిలబడింది.

గిరియన్న ఆమెను లేపి నిలబెట్టాడు. "అంత కష్టమైన మాటా అది? నేను రోజుకు పదిసార్లు అంటాను," అన్నాడు.

గద్ద నిట్టనిలువుగా వాళ్ల మీదికి దూకింది. దాని గోళ్లు లోయ గాలి తగలగానే మెత్తబడ్డాయి గాని, రెక్కల విసురుకు మంచు చీలిపోయింది. ఆ చీలికలో కువలయ చూసింది. ఎడమవైపున, వరసలో చేరని ఒంటరి గుట్ట. దాన్ని చుట్టి ఒక్క మూల కూడా లేని గుండ్రటి గోడ, బండిచక్రమంత తీరుగా. గోడ లోపలినుంచి సన్నగా ఒక కొమ్ముబూర. మరాళదేశపు కోట బురుజు మీద ప్రతి ఉదయం మోగే పిలుపు. అది ఆ రాజవంశం వాళ్లకు తప్ప ఊదడం రాదు.

"రాకుమారుడు!" అంది.

"పరుగెత్తు!" అన్నాడు గిరియన్న.

చేతిలో చెయ్యి బిగించి ఇద్దరూ మంచులోకి పరుగెత్తారు. మాంత్రికుడి పొగ వాళ్ల మడమలు తాకుతోంది. పలక అంచు వచ్చేసింది. అవతల కంటికి ఆనేదేమీ లేదు.

"ఇంకెంత దూరమే?" అని రొప్పుతూ అడిగాడు గిరియన్న.

"తెలియదు!" అంది కువలయ. ఆ మాట పూర్తి కాకుండానే వాళ్ల పాదాల ముందు ఇంకో పలక లేచింది.